నూనె ఎవరు తగ్గించాలి? ఎవరు పెంచాలి?

మా అమ్మకు బీపీ ఉంది. ఈ మధ్య షుగరు కూడా తోడైంది. బోధన్ చుట్టుపక్కల చేలల్లో ఇరవై ఏళ్లకు పైగా చెరుకు కొట్టిన మనిషి. ఆమెను ఒక దవాఖానకు తీసుకపోతే డాక్టరు గారు కాగితాల మీంచి తల ఎత్తకుండానే "నూనె మొత్తం మానెయ్యమ్మా" అని చెప్పి పంపించిండు. బయటికి వచ్చినంక అమ్మ మమ్మల్ని అడిగింది: "మానెయ్యనీకి మనం నూనె తిన్నదెప్పుడు బిడ్డా?"

మా ఇంటి నుంచి యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. ఇన్ని పుస్తకాలు తిరగేసిన మా దగ్గర ఆమె ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ జవాబు వెతకడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

ప్రశ్న మా అమ్మ ఒక్కదానిదే కాదు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశంలో ఊబకాయం పెరుగుతున్నదని, ప్రతి ఒక్కరూ వంటనూనె పది శాతం తగ్గించాలని కోరారు. కడుపు నిండినవాళ్లకు ఇది మంచి సలహానే. కానీ పది శాతం అన్నప్పుడు దేనిలో పది శాతం, ఎవరి సీసాలో పది శాతం అని అడగాల్సి ఉంటుంది. నెలకు ఐదు లీటర్ల డబ్బా ఒడిసిపోయే ఇల్లూ, పావు కిలో పావు కిలోగా ఉద్దెర తెచ్చుకునే ఇల్లూ ఒకే మాట వింటున్నాయి.

మేము చెప్పదలచుకున్నది ముందే చెప్తాం. ఆరోగ్యకరమైన తిండిలో నూనె, కొవ్వు ఉండాల్సిందే. అవి లేని తిండి మంచి తిండి కాదు. అయితే ఎంత, ఏది అనేది మనిషి చేసే పనిని బట్టి ఉంటుంది. మన దేశంలో పని కులాన్ని బట్టి పంచబడింది కనుక, నూనె లెక్కను కులం లెక్క నుంచి విడదీసి చూడలేం.

కొవ్వు చేసే పని

ముందు శాస్త్రం ఏం చెప్తుందో చూద్దాం. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి గానీ, మాంసకృత్తుల నుంచి గానీ మన ఒంటికి నాలుగు కేలరీల శక్తి వస్తుంది. ఒక గ్రాము కొవ్వు నుంచి తొమ్మిది వస్తాయి. అంటే తక్కువ తిండిలో ఎక్కువ బలం. 40 గ్రాముల నూనె ఇచ్చే శక్తిని బియ్యం నుంచి తెచ్చుకోవాలంటే దాదాపు 100 గ్రాముల బియ్యం అదనంగా వండుకు తినాలి. పెద్దవాళ్లు ఎట్లనో తింటారు. రెండేళ్ల పిల్ల తినలేదు. ఆ పిల్ల కడుపు చిన్నది. పలచటి జావ, గంజిమెతుకులు పెడితే కడుపు నిండుతుంది గానీ ఒంటికి శక్తి చాలదు. అదే బువ్వలో ఒక చెంచా నూనె గానీ, నూరిన పల్లీలు గానీ కలిపితే లెక్క మారుతుంది.

రెండోది. కొన్ని కొవ్వు ఆమ్లాలను మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండింటిని తిండి నుంచే తీసుకోవాలి. ప్రతి కణం చుట్టూ ఉండే పొరకు, మెదడుకు, కంటికి, కడుపులో పెరిగే బిడ్డకు ఇవి కావాలి.

మూడోది మన వాడలకు మరీ దగ్గరి సంగతి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. తోటకూర, మునగాకు, గంగవాయిలి కూరల్లో ఎ విటమినుగా మారే కెరోటిన్ దండిగా ఉంటుంది. చేలగట్ల మీద ఉత్తగా దొరికే ఆకుకూరలు మన ఆడవాళ్లకు తెలిసినన్ని మరొకరికి తెలియవు. కానీ ఆ ఆకును ఉప్పుకారం వేసి నీళ్లల్లో ఉడికించి తింటే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980 ప్రాంతంలో పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఆకుకూరతో పాటు కొద్దిపాటి నూనె చేరితే కెరోటిన్ ఒంటికి పట్టడం మెరుగవుతుందని తేల్చారు. రేచీకటి నివారణకు 1970లో మొదలైన విటమిన్ ఎ డోసుల పథకం వెనుక ఉన్నదీ ఈ సంస్థ పరిశోధనే. ఆకుకూర ఉన్న ఇంట్లో కూడా పిల్లకు రేచీకటి ఎందుకొచ్చింది అనే ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఆ కూరలో లేని నూనె చుక్కలో ఉంది.

కాబట్టి నూనె విలాసం కాదు. పప్పు ఎట్లనో, పాలు ఎట్లనో అదీ అట్లనే అవసరమైన తిండి. ఎక్కువైతే రోగం తెస్తుంది. తక్కువైనా రోగమే తెస్తుంది. ఈ రెండో సగం మనకు ఎవరూ చెప్పరు.

సగటు లెక్కలో ఎవరున్నారు?

మన దేశంలో తలసరి వంటనూనె వాడకం ఏడాదికి సుమారు 19.7 కిలోలని నీతి ఆయోగ్ 2024లో ప్రకటించింది. రోజుకు లెక్కేస్తే 54 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ఏడాదికి 12 కిలోలు, అంటే రోజుకు 33 గ్రాములు. సగటు చూస్తే దేశమంతా ఎక్కువ తింటున్నట్టే కనిపిస్తుంది.

సగటు అనేది మోసకారి. దాంట్లో హోటళ్లు ఉన్నాయి, మిక్చర్, చిప్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, పెళ్లి వంటలు ఉన్నాయి. దొర ఇంటి నూనె, జీతగాని ఇంటి నూనె కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె ఎవరి ఇంట్లోనూ ఉండదు.

పోషకాహార సంస్థ లెక్కలు మాత్రం మనుషులందరినీ ఒక్కతీరుగా చూడవు. దేహశ్రమను బట్టి విడదీస్తాయి. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 25 గ్రాములు, మోస్తరు శ్రమ చేసేవాడికి 30, బరువు పనులు చేసేవాడికి 40 గ్రాముల నూనె ఉండాలని చెప్తాయి. ఆడవాళ్లకు ఇదే వరుసలో 20, 25, 30 గ్రాములు. 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాలలో రెండు వేల కేలరీల తిండికి 27 గ్రాముల నూనె చూపించారు. అది ఒక నమూనా పళ్లెం. బరువు పని చేసే మగవాడికి రోజుకు 3,470 కేలరీలు, ఆడమనిషికి 2,720 కేలరీలు కావాలని 2020 నాటి ప్రమాణాలు చెప్తున్నాయి. రెండు వేల కేలరీల పళ్లెం చెరుకు కొట్టే మనిషికి ఎట్ల సరిపోతుంది?

ఈ లెక్కను మన ప్రాంతానికి తెచ్చి చూద్దాం. బోధన్ వైపు పల్లెలో పొద్దున్నే కొడవలి పట్టుకుని చెరుకు తోటలోకి పోయే అత్త ఉంటుంది. వంగి మొదలు నరకాలి, ఆకు దూయాలి, మోపు కట్టాలి, నెత్తిన పెట్టుకుని బండి దాకా మోయాలి. అదే ఇంట్లో కోడలు నిజామాబాద్ జిల్లాలో వేల మంది ఆడవాళ్లలాగే చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని పొద్దు గూకేదాకా బీడీలు చుడుతుంది. ఇద్దరిదీ రెక్కల కష్టమే. కానీ ఒంటి లెక్క వేరు. అత్తది బరువు పని, కోడలిది కూర్చున్న పని. అత్తకు 30 గ్రాములు అవసరమైతే కోడలికి 20 చాలు. ఆచరణలో జరిగేది ఏమిటి? అత్త తెల్లారకముందే తొక్కుతో సద్ది కట్టుకుని పోతుంది. కోడలు బీడీల చాట ముందు నుంచి లేచే తీరిక లేక మధ్యాహ్నం బజ్జీలో, మిక్చరో తెప్పించుకుంటుంది. నూనె కావాల్సిన ఒంటికి అందడం లేదు, అంత అవసరం లేని ఒంటికి చెడ్డ రూపంలో అందుతున్నది. ఈ తేడాను చూడకుండా "మీ వాళ్లు నూనె తగ్గించాలి" అనే డాక్టరు మాటా తప్పే, "మా వాళ్లకు నూనె జబ్బు రాదు" అనే మన మాటా తప్పే.

నెయ్యి తిన్నందుకు కొట్టారు

కొవ్వు ఎవరు తినవచ్చు అనేది ఈ దేశంలో ఎప్పుడూ వైద్యుడు ఒక్కడే నిర్ణయించలేదు. ఊరు నిర్ణయించింది. 1936లో అంబేడ్కర్ లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసిన, ఆ సభ రద్దు కావడంతో తానే అచ్చు వేసుకున్న 'కుల నిర్మూలన' ప్రసంగంలో చక్వారా అనే ఊరి సంఘటన ఉంది. జయపూర్ సంస్థానంలోని ఆ ఊరిలో అదే ఏడాది ఏప్రిల్‌లో తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరాని మనిషి తన వాళ్లకు విందు పెట్టాడు. వడ్డించిన వాటిలో నెయ్యి ఉంది. తింటూ ఉండగానే వందల మంది సవర్ణులు లాఠీలతో వచ్చి పడ్డారు. వంటకాలను పాడుచేశారు, తింటున్నవాళ్లను కొట్టి తరిమారు. నెయ్యి వడ్డించడం అతిథేయుడి పొగరు అన్నారు, తినడం అతిథుల తప్పు అన్నారు. నెయ్యి డబ్బున్నవాళ్ల తిండి అని ఎవరైనా అనుకుంటారు గానీ, కులం హోదాకు గుర్తు అని ఎవరు అనుకుంటారు అని అంబేడ్కర్ అక్కడ ఆశ్చర్యపోతాడు.

మన దగ్గర లాఠీ పట్టుకుని రావాల్సిన పని పడకపోవచ్చు. దొర బర్లను మేపింది మా తాతలు, పెండ ఎత్తింది మా అవ్వలు. వెన్న కాగిన వాసన మాత్రం గోడ అవతలి నుంచే తెలుసు. మాకు పక్కనే ఉన్న మరాఠ్వాడాలో మహార్, మాంగ్ కులాల వంటల గురించి శాహు పాటోళె 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అనే పుస్తకం రాశాడు. ఆ వంటల్లో నూనె, నెయ్యి, పాలు అందని జీవితం కనిపిస్తుంది. మంజీర అవతల ఒడ్డు కథా, ఇవతల ఒడ్డు కథా ఒక్కటే.

నెయ్యి, నూనె అందని చోట మా వాళ్లకు కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది? పెద్దకూర నుంచి. ఎండబెట్టిన తునకల నుంచి, బొక్కల పులుసు నుంచి, కూర వండినప్పుడు పైకి తేలిన కొవ్వు నుంచి. మా అమ్మమ్మ ఆ కొవ్వును కరగబెట్టి చిన్న ముంతలో దాచిపెట్టేది. చలికాలం అది గడ్డకట్టి తెల్లగా ఉండేది. దాంట్లోనే ఎండు మిరపకాయ వేయించేది. బడిలో ఎవరైనా "నిన్న ఏం కూర" అని అడిగితే మాత్రం చెప్పొద్దని మాకు నేర్పింది కూడా ఆమెనే.

ఇక్కడ ఆగి ఒక పోలిక చూడాలి. పెద్దకూర కొవ్వులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. నెయ్యిలో అది 60 శాతానికి పైనే. గుండెకు ఎక్కువైతే మంచిది కాదని చెప్పేది ఈ సంతృప్త కొవ్వు గురించే. శాస్త్రం లెక్కన చూస్తే నెయ్యి ఆ ముంతలోని కొవ్వు కన్నా మెత్తనిది కాదు. అయినా ఒకటి సాత్వికం, దేవుని దీపం. ఇంకొకటి ముక్కు మూసుకునే వస్తువు. ఈ తేడాను తయారు చేసింది కులం.

అట్లని ముంతలో కొవ్వే మా ఆరోగ్య రహస్యం అని పొగుడుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. పొద్దంతా బరువు పని చేసి, అర్ధాకలితో ఉన్న ఒంటికి ఆ కొవ్వు ప్రాణం నిలిపింది. ఈ రోజు కుర్చీలో కూర్చుని రాసుకునే మాకు అదే కొవ్వు రోజూ అంత తింటే గుండెకు చేటే. నెయ్యి విషయంలోనూ ఇదే మాట. మన తిండిని అవమానించినవాళ్లకు జవాబు చెప్పాలి, అదే సమయంలో మన ఒంటికి నిజం కూడా చెప్పుకోవాలి.

కాలువ వచ్చింది, కుసుమ పోయింది

తెలుగులో నువ్వుల నూనెకు మంచినూనె అని పేరు. తెలంగాణలో వంటకు వాడే ఏ నూనెనైనా మంచినూనె అనేస్తాం. దీపాలకు, స్టవ్వుకు వాడింది గ్యాస్‌నూనె. ఈ ప్రాంతపు చెల్కల్లో జొన్నతో పాటు నువ్వులు, కుసుమలు, అవిశెలు, వెర్రినువ్వులు, పల్లి, ఆముదం పండేవి. కుసుమ చెట్టుకు ముళ్లుంటాయి కనుక పశువులు చొరబడకుండా జొన్న చేను చుట్టూ సాళ్లుగా వేసేవాళ్లు. కంచెకు కంచె, నూనెకు నూనె. కైకిలికి పోయిన ఆడవాళ్లకు కొంగులో కొన్ని గింజలు దక్కేవి. అవి పొడి కొట్టుకుంటే నెల రోజుల తొక్కు.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్టుతో మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. శక్కర్‌నగర్ పేరు అట్ల వచ్చిందే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న మిల్లు. కాలువ కింద వరి, చెరుకు నిండాయి. కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు వెలిశాయి. భూమి ఉన్నవాళ్లకు ఇది లాభం. భూమి లేని మాకు కూలి దొరికింది, నిజమే. కానీ చెరుకు తోటలో కొంగులో కట్టుకొచ్చే గింజ లేదు. చెరుకు గడ నమలొచ్చు గాని దాంట్లో కొవ్వు ఉండదు. తరువాత బోర్లు వచ్చి కాలువ అందని చెల్కలు కూడా తడిసినకొద్దీ కుసుమ, వెర్రినువ్వులు మరీ వెనక్కి పోయాయి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గించిన పథకం అది, దాన్ని మేము తక్కువ చేయం. అయితే దానితో పాటే గట్క పోయి తెల్లబువ్వ వచ్చింది. జొన్నలో నూటికి రెండు గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక గ్రాము కూడా ఉండదు. రోజుకు అర కిలో గింజ తినే కూలి మనిషికి ఈ తేడా చిన్నది కాదు. కంటికి కనబడకుండా గింజలో, పప్పులో, పల్లీలో ఉండే ఈ కొవ్వును శాస్త్రవేత్తలు అదృశ్య కొవ్వు అంటారు. మా వాళ్ల తిండిలో కనబడే నూనె ఎప్పుడూ తక్కువే. కనబడని నూనె కూడా ఈ మార్పులతో తగ్గిపోయింది.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పోయిన చోట వరి పెరిగింది, మెట్ట పొలాల్లో సోయా వచ్చింది. సోయా కూడా నూనెగింజే, నూటికి ఇరవై గ్రాముల దాకా నూనె ఉంటుంది. కానీ అది కుసుమలాగా రోకట్లో దంచుకునే గింజ కాదు. చేను నుంచి మార్కెటుకు, అక్కడి నుంచి మిల్లుకు పోయి ప్యాకెట్‌గా కిరాణం దుకాణానికి తిరిగి వస్తుంది. పండించిన చేతులే దాన్ని కొనుక్కోవాలి.

డాల్డా, పామాయిల్, బజ్జీల బండి

బోధన్ మిల్లు పుట్టిన 1937లోనే దేశంలోకి డాల్డా వచ్చింది. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి నెయ్యిలాగా గడ్డకట్టించిన వనస్పతి అది. నెయ్యి అందనివాళ్లకు నెయ్యి లాంటిది దొరికింది. మా వాడలో పెళ్లి అంటే డాల్డా డబ్బా. లడ్డూలు దాంట్లోనే, బగారా అన్నం దాంట్లోనే. మేమూ ఇష్టంగా తిన్నాం. తరువాత తెలిసింది ఏమిటంటే, అరకొరగా హైడ్రోజన్ ఎక్కించినప్పుడు ట్రాన్స్ కొవ్వులు తయారవుతాయని, అవి రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయని, గుండెకు సంతృప్త కొవ్వు కన్నా ఎక్కువ హాని చేస్తాయని. మన దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు పరిమితిని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దించారు. ఇది మంచి అడుగు. కానీ నెయ్యి తినే హక్కు లేనివాళ్లు నెయ్యి రుచి కోసం తిన్న దానికి తమ గుండెతో ధర కట్టారు అనేది కూడా చరిత్రలో రాసుకోవాలి.

రెండోది పామాయిల్. మా చిన్నప్పుడు రేషన్ కార్డు మీద వచ్చేది. 1994లో దిగుమతులకు తలుపులు తెరిచాక బజారంతా నిండింది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' పేరుతో తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చినప్పుడు దాంట్లో ఒక లీటరు పామాయిల్ ఉండేది. ఒక లీటరు అంటే సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెల మీద పంచితే మనిషికి రోజుకు ఏడున్నర గ్రాములు. ఇప్పుడు అదీ లేదు. 2025లో సన్నబియ్యం వచ్చాయి, సంతోషమే. నూనె మాత్రం దుకాణంలో కొనుక్కోవాల్సిందే.

పామాయిల్ విషం కాదు. దాంట్లో 40 నుంచి 45 శాతం సంతృప్త కొవ్వు ఉంటుంది. పల్లి నూనెలో అది 20 శాతం దగ్గర, నువ్వుల నూనెలో 15 శాతం దగ్గర, కుసుమ నూనెలో పది శాతం లోపు. ఎప్పుడో ఒకసారి పామాయిల్ తింటే నష్టం లేదు. ఇంట్లో అదే, హోటల్లో అదే, బిస్కెట్లో అదే, హాస్టల్లో అదే అయినప్పుడు లెక్క తప్పుతుంది. పేదవాని ముందు వేరే నూనె లేకుండా చేసి, తర్వాత కొలెస్టరాల్ పరీక్షకు రమ్మంటున్నారు.

మూడోది మరిగిన నూనె. నిజామాబాద్ బస్టాండు దగ్గరనో, గంజ్ దగ్గరనో సాయంత్రం మిర్చి బజ్జీ బండి చుట్టూ చూడండి. హమాలీలు, ఆటో డ్రైవర్లు, అడ్డా కూలీలు కనబడతారు. పది, ఇరవై రూపాయలకు కడుపు చల్లబడే తిండి అది. బండి నడిపే మనిషి కూడా మనలాంటి పేదవాడే. నూనె పారబోస్తే అతనికి గిట్టదు. కానీ ఒకే నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే అది విరిగి హాని చేసే పదార్థాలు పుడతాయి. వీటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వాడరాదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా నిబంధన ఉంది. కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు. కన్ను, ముక్కు ఉన్నాయి. నూనె నల్లబడిందా, చిక్కబడిందా, నురుగు తగ్గకుండా పొంగుతున్నదా, కాకముందే పొగ వస్తున్నదా, అది అయిపోయిన నూనె. అట్లనే డబ్బాలోంచి కొలిచి పోసే విడి నూనెతో జాగ్రత్త. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆర్జిమోన్ గింజల నూనె కలిసి ఒళ్లు వాచి అరవై మందికి పైగా చనిపోయారు. సీలు ఉన్న చిన్న ప్యాకెట్ కొంచెం ధర ఎక్కువైనా మేలు.

ఏ నూనె, ఎంత, ఎట్ల?

మమ్మల్ని వాడలో అడిగే ప్రశ్నలకు తెలిసినంత వరకు ఇక్కడ చెప్తాం.

ఎంత అంటే, చిన్న టీ చెంచాతో కొలవండి. ఒక చెంచా నాలుగున్నర గ్రాములు. కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజుకు నాలుగైదు చెంచాలు, చేన్ల పనిచేసేవాళ్లకు ఆరేడు, బరువు మోసే మగవాళ్లకు తొమ్మిది దాకా. ఇది పొద్దటి నుంచి రాత్రి దాకా, కూర, పోపు, బజ్జీ అన్నీ కలిపి. సీసా వంచి పోసే అలవాటు మాని చెంచాతో పోస్తే ఎక్కువ వాడే ఇల్లు తనకు తానే తగ్గుతుంది, తక్కువ వాడే ఇంటికి తన లోటు తెలుస్తుంది.

ఏది అంటే, ఏ ఒక్క నూనెలోనూ అన్నీ ఉండవు. పల్లి, నువ్వులు, కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లో లినోలిక్ ఆమ్లం ఉంటుంది గాని ఆల్ఫా లినోలెనిక్ దాదాపు ఉండదు. అది సోయా, ఆవ నూనెల్లో కొంత, అవిశెల్లో దండిగా ఉంటుంది. అందుకే పోషకాహార సంస్థ నూనెలు మార్చి మార్చి వాడమంటుంది. ఒక నెల పల్లి నూనె, ఒక నెల సోయా లేదా తవుడు నూనె తెచ్చుకోవచ్చు. ఖరీదైన గానుగ నూనె కొనలేకపోయామని బాధపడాల్సిన పని లేదు.

అంతకన్నా మంచి దారి గింజ తినడం. గుప్పెడు పల్లీల్లో, అంటే 25 గ్రాముల్లో, దాదాపు పది గ్రాముల కొవ్వు ఉంటుంది, పైగా మాంసకృత్తులు ఉంటాయి. నువ్వుల పొడి, అవిశెల పొడి, పల్లీల తొక్కు మా అవ్వలు చేసినవే. వీటిని పేదల తిండి అని చిన్నచూపు చూడొద్దు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు జొన్నలతో పాటు అవిశెలు, కుసుమలు, వెర్రినువ్వులు తమ చెల్కల్లో మళ్లీ వేసి చూపించాయి. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ పురస్కారం వాళ్లకు వచ్చింది.

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మందులు మానకూడదు. నూనె తగ్గించమంటే తగ్గించాలి, పూర్తిగా మానడం కాదు. "ఎన్ని చెంచాలు, ఏ నూనె" అని డాక్టరును అడగాలి. అడగడం మన హక్కు. బీపీకి తొక్కులో ఉప్పు, షుగరుకు మూడు పూటలా తెల్లబువ్వ కూడా కారణాలే. వాటిని వదిలి నూనె ఒక్కదాన్నే దోషిని చేస్తే రోగం తగ్గదు.

అడగాల్సింది ఎవరిని?

ఇంత చెప్పినా చెంచా లెక్కలు ఇంటి ఆడమనిషి మీదికే పోతాయని మాకు తెలుసు. ఆమె అందరికీ వడ్డించి, చివరికి గిన్నె అడుగున అంటిన నూనెను బువ్వతో తుడుచుకుని తింటుంది. ఆమె చేతిలో లేని సంగతులు చాలా ఉన్నాయి. నలుగురున్న ఇంటికి మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకు మూడున్నర లీటర్ల నూనె కావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి, ఇండోనేషియా కొన్ని వారాలు పామాయిల్ ఎగుమతి ఆపినప్పుడు లీటరు ధర రెండు వందల దాకా ఎగబాకింది. ఎక్కడో జరిగిన యుద్ధం మన వాడలో కూరను నీళ్లకూర చేసింది. ఇళ్లకు కావాల్సిన నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో ఇది మళ్లీ జరుగుతుంది.

బడిలో మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లకు 5 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 7.5 గ్రాముల నూనె అని నిబంధన. ఒక పూటకు అది సరిపోవచ్చు, నిజంగా గిన్నెలో పడితే. మేము చదువుకున్న ఒక హాస్టల్లో చారు మీద నూనె చుక్కలను వేలితో కలిపి పెద్ద చుక్క చేసుకునే ఆట ఆడేవాళ్లం. మూడు చుక్కల కన్నా ఎక్కువ ఎప్పుడూ ఉండేవి కావు. కాబట్టి తల్లిదండ్రులు బడికి పోయినప్పుడు మార్కులతో పాటు నూనె డబ్బా కూడా చూడాలి. రేషన్ కార్డు మీద బియ్యంతో పాటు పప్పు, నూనె ఇవ్వాలి. అది పామాయిలే కానక్కర్లేదు. ఈ జిల్లా సోయా, ఈ రాష్ట్రపు పల్లి, కుసుమ నుంచి తీసిన నూనె ఇస్తే రైతుకూ లాభం, కూలికీ బలం. 2021లో కేంద్రం పామాయిల్ తోటల కోసం ప్రత్యేక మిషన్ పెట్టింది. చెల్కల్లోని పాత నూనెగింజల మీద కూడా అంత శ్రద్ధ ఉండాలి.

ఇక మా అమ్మ ప్రశ్న. ఇప్పుడు మా దగ్గర జవాబు ఉంది. అమ్మా, నువ్వు చెరుకు కొట్టిన ఇరవై ఏళ్లు రోజుకు ఆరేడు చెంచాలు తినాల్సినదానివి, రెండు చెంచాలు కూడా తినలేదు. ఇప్పుడు పని మానినంక నాలుగు చెంచాలు చాలు, పామాయిల్ బదులు పల్లి నూనె తెస్తాం, తొక్కులో ఉప్పు తగ్గించు అని చెప్పినం. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నది: "కావాల్సినప్పుడు లేకపాయె. ఉన్నప్పుడు వద్దనవడ్తిరి. నా మన్మరాలికైనా సక్కగ కొలిచి పొయ్యుర్రి."